సగం ట్యాంకు దగ్గర నిజం చెప్పే ముల్లు

బంజారా హిల్స్ పాత బంగళాల షెడ్లలో ఉన్న అంబాసిడర్లనో, ప్రీమియర్ పద్మినీలనో చూడటానికి వచ్చినవాళ్ళు పెయింటు మెరుపు చూసి మురిసిపోతారు. నేను మాత్రం తాళం చెవి తిప్పమంటాను. పెట్రోల్ మీటర్ ముల్లు నెమ్మదిగా లేచి, ట్యాంకులో నిజంగా ఎంత ఉందో సరిగ్గా అక్కడే ఆగితే, ఆ పని చేసిన ఉస్తాద్‌కు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పాత కారుకు ఇంజన్ కట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా చాలామందే ఉన్నారు. మీటర్‌నూ ట్యాంక్ యూనిట్‌నూ జత కుదిర్చేవాళ్ళు మాత్రం అరుదు.

మొదటి తరం కార్లలో చాలావాటికి ఈ మీటరే లేదు. ఫోర్డ్ మోడల్ టీ నడిపేవాళ్ళు సీటు ఎత్తి, ట్యాంకులో పుల్ల ముంచి చూసుకునేవాళ్ళు. తర్వాత కరెంటు మీటర్లు వచ్చాయి, గొడవా అక్కడే మొదలైంది.

ట్యాంక్ యూనిట్‌లో ఉండేది ఒక ఫ్లోట్, దాని కడ్డీ, సన్నటి తీగ చుట్టిన చిన్న పలక. పెట్రోల్ మట్టంతో పాటు ఫ్లోట్ కదిలితే కాంటాక్ట్ ఆ తీగ మీద జరుగుతుంది, రెసిస్టెన్స్ మారుతుంది, మీటర్ దాన్ని చదువుతుంది. అయితే ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. 1965 తర్వాతి జనరల్ మోటార్స్ కార్లలో ఖాళీకి 0 ఓమ్‌లు, ఫుల్‌కు 90. జర్మనీ వీడీఓ మీటర్లకు 10 నుంచి 180. పాత ఫోర్డ్‌లో వరసే తిరగబడుతుంది: ఖాళీకి 73, ఫుల్‌కు 10. విడిగా అమ్మే అమెరికన్ మీటర్లు చాలావాటిలో ఖాళీకి 240, ఫుల్‌కు 33. వరస తిరగబడిన జతను ఒక రెసిస్టర్ పెట్టి సరిచేయడం ఎవరి తరమూ కాదు.

వరస ఒకటే అయినా మోసం ఉంది. వీడీఓ యూనిట్‌కు పక్కన 180 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి కలిపితే ఫుల్ దగ్గర సరిగ్గా 90 వస్తుంది, ఖాళీ దగ్గర తొమ్మిదిన్నర. జనరల్ మోటార్స్ మీటర్‌కు అతికినట్టే కనిపిస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకే దొరికే సరుకుతో పని అయిపోయిందని సంబరపడతారు. సగం ట్యాంకు దగ్గర చూడండి! యూనిట్ 95 ఓమ్‌ల దగ్గరుంటే మీటర్‌కు చేరేది 62. రావాల్సింది 45. సగమే ఉన్న ట్యాంకును ముల్లు మూడింట రెండు వంతులని చూపిస్తుంది. ఆ ధీమాతో బయల్దేరినవాడు దారిలో ఆగిపోతాడు.

అసలైన ఉస్తాద్ ఆ దారి తొక్కడు. ట్యాంకు ఖాళీ చేసి, ఐదేసి లీటర్లు పోస్తూ ప్రతిసారీ రీడింగ్ రాసుకుంటాడు. పలక ఎక్కడ సన్నబడాలో, ఎక్కడ వెడల్పవ్వాలో ఆ కాగితమే చెబుతుంది. అప్పుడు చుడతాడు తీగ, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, వెంట్రుక సందు కూడా లేకుండా. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి లోపల పెట్రోల్ చేరిందేమో వింటాడు. అనుమానం వస్తే వేడినీళ్ళలో ముంచి బుడగ ఎక్కణ్నుంచి వస్తుందో పట్టేస్తాడు. ఇక పాత బ్రిటిష్ తరహా కార్లలో పెట్రోల్ ముల్లూ టెంపరేచర్ ముల్లూ రెండూ కలిసి తప్పు చూపిస్తే ట్యాంకు జోలికే వెళ్ళడు. రెండింటికీ 10 వోల్టులిచ్చే స్టెబిలైజర్‌నే ముందు పరీక్షిస్తాడు. విప్పకముందే జబ్బు చెప్పే ఆ చూపు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆ స్టెబిలైజర్‌తో పనిచేసే మీటర్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. లోపలి రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగితేనే ముల్లు కదులుతుంది, అందుకే తొందరపడదు. పంజాగుట్ట నుంచి బంజారా హిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులకు పెట్రోల్ ఎంత ఎగిసినా అది చలించదు. రెండు కాయిళ్ళ పాత మీటర్‌లో ముల్లు ఊగిపోతూనే ఉంటుంది.

ఇప్పుడు ఏ కారుకైనా సరిపోతుందంటూ ‘యూనివర్సల్’ యూనిట్లు అంటగడుతున్నారు. బోల్టు రంధ్రాలు కలిస్తే చాలట! ఓమ్‌లు అడిగితే కౌంటర్ వెనకున్నవాడు తెల్లముఖం వేస్తాడు. కలవకపోతే తప్పు పాత మీటర్‌దేనని తేల్చి, డాష్‌బోర్డు కోసి కొత్త డయల్ బిగిస్తారు. యాభై ఏళ్ళు నిలిచిన మీటర్ తుక్కులోకి పోతుంది. ఇది బాగుచేయడం కాదు, దోపిడీ. కొలతలను మార్చి ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బాలూ ఉన్నాయి. మంచివి సరిగ్గానే పనిచేస్తాయి, కాదనను. అయినా నా ఓటు తీగ చుట్టే చేతికే.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకు ముందే. ఇక ఉన్న యూనిట్లే మనకు ఆస్తి. కార్లున్న పెద్దలారా, తుప్పుపట్టిన పాత యూనిట్‌ను పారేయకండి, దాని పలకా కడ్డీ వంపూ చూసే ఉస్తాద్ కొత్త తీగ చుట్టగలడు. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి, పక్కన పని నేర్చుకునే కుర్రాడికీ ఇంత ముట్టజెప్పండి. కారు తీసుకునే ముందు ఫుల్ రీడింగూ ఖాళీ రీడింగూ చూసి సరిపెట్టుకోవద్దు. సగం ట్యాంకు పోయించి ముల్లు చూపించమని అడగండి.