తూకానికి అందని కొత్తిమీర

ఫుడ్ బ్యాంక్ పుట్టిందే మిగులు మీద. 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ ఈ పద్ధతికి ఆద్యం. సూపర్ మార్కెట్లు పారేసిన తిండిలోంచి మంచిది ఏరుకుని పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, డబ్బు దాచినట్టే తిండినీ ఒకచోట వేసి, కావలసినవాళ్లు తీసుకునే ఏర్పాటు ఉంటే బాగుండునని ఆయనతో అందట. ఇవాళ ఆ దేశంలో సుమారు 200 ఫుడ్ బ్యాంకులున్నాయి. వాటి నుంచి సరుకు ఊళ్లలోని చిన్న పంపిణీ కేంద్రాలకు వెళ్తుంది. వాటిని ప్యాంట్రీలంటారు. గడువు దగ్గరపడ్డ డబ్బాలు, వంకర తిరిగిన క్యారెట్లు, ఒక వారం లారీడు బంగాళాదుంపలు, మరో వారం ఉల్లిపాయలు. ఏది వస్తే అది పంచాల్సిందే.

ఇంత పెద్ద ఏర్పాటులో తినేవాళ్లను ముందే అడిగి, వాళ్లకోసమని విత్తనం వేయగలిగే చోటు ఫుడ్ బ్యాంక్ తోట. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ శివారున అలాంటి తోట ఒకటుంది. వేసవిలో వచ్చే విద్యార్థి ఇంటర్న్‌లకు అక్కడ పని నేర్పుతుంటాను. ఏ మడిలో ఏం వేయాలి, శనివారం వచ్చే వాలంటీర్లకు ఏ పని అప్పజెప్పాలి, కోసినది ఏ ప్యాంట్రీకి ఎప్పుడు చేరాలి, అన్నీ ఇంటర్న్ చూసుకోవాలి. ఇరవై ఏళ్ల పిల్లలకు ఇది చిన్న బరువేమీ కాదు.

చిక్కేమిటంటే కాలేజీ క్యాలెండర్‌కీ తోట క్యాలెండర్‌కీ పొత్తు కుదరదు. ఇక్కడ మే నెల మధ్యదాకా మంచు భయం పోదు. తొందరపడి టమాటా నారు నాటితే ఒక్క రాత్రికే మాడిపోతుంది. ఇంటర్న్‌లు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తారు. ఆగస్టులో టమాటా విరగకాసే వేళకు క్లాసులు మొదలై వెళ్లిపోతారు. వాళ్లు తీసుకునే నిర్ణయాల్లో చాలావరకు వాళ్లు కళ్లతో చూడని పంట గురించే.

ఈ ఏడాది వచ్చిన అమ్మాయి పబ్లిక్ హెల్త్ చదువుతోంది. పుట్టింది ఇక్కడే, అమ్మానాన్నలది కర్నూలు. ఆ పిల్ల ముందుగా పట్టుకున్నది పంపిణీ రోజు నుంచి వెనక్కి లెక్క కట్టడం. ప్యాంట్రీ తలుపులు గురువారం తెరుస్తారు. అంటే టమాటాలు మంగళవారం, రంగు తిరగడం మొదలైనప్పుడే తెంపాలి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రుచి చచ్చిపోతుంది. ఆకుకూరలు బుధవారం పొద్దున ఎండ ఎక్కకముందే కోయాలి. కోసిన ఆకులో వేడి నిలిచి ఉంటుంది. దాన్ని వెంటనే చల్లటి నీళ్లలో ముంచి తీయాలి, నీరు జాడించాలి, కట్టలు కట్టి కోల్డ్ రూమ్‌కి పంపాలి. గంట ఆలస్యమైతే మర్నాడు బల్ల మీద వాడిన ఆకు కనపడుతుంది. తీసుకునేవాళ్లు నోరు తెరిచి ఏమీ అనరు. వాడిన కట్ట వాళ్ల చేతిలో పెట్టడం నాకు మాత్రం చాలా కష్టంగా ఉంటుంది.

కోసిన ప్రతిదాన్నీ తూకం వేసి, పౌండ్లలో పుస్తకంలో రాయాలి. దాతలకు వెళ్లే నివేదికలో ఆ అంకె పెద్దదిగా కనపడాలని అందరికీ ఉంటుంది. అక్కడే తోట దారి తప్పుతుంది. జుకీనీ ఒక్క రాత్రిలో ఊరుతుంది, రెండు రోజులు ఏమరితే మోచేయంత అవుతుంది. నాలుగు కాయలకే ముల్లు బాగా జరుగుతుంది. కొత్తిమీర ఎన్ని కట్టలు వేసినా ముల్లు కదిలీ కదలనట్టుంటుంది. ఇక బరువునే నమ్ముకున్న తోటలో ఏటేటా జుకీనీ మడులు పెరుగుతాయి.

ఒక గురువారం సాయంత్రం ఆ అమ్మాయి ఖాళీ క్రేట్లతోపాటు, మిగిలిన జుకీనీ కూడా మోసుకొచ్చింది.

"ఆంటీ, పొద్దున పంపినదాంట్లో సగం వెనక్కొచ్చింది. ఇది ఏ గడిలో రాయాలి?"

"దానికి గడి లేదమ్మా."

తనే స్కేలు పెట్టి గీసింది. కోసింది ఎంత, దాని పక్కన మిగిలింది ఎంత. వారం వారం ఆ రెండో గడి నిండుతుంటే తోట గురించి అంతకుముందు తెలియని సంగతులు బయటపడ్డాయి. కేల్ మిగులుతోంది. కొత్తిమీర, పచ్చిమిర్చి, పుదీనా తలుపు తెరిచిన కాసేపటికే అయిపోతున్నాయి. తూకంలో ఇవే అడుగున ఉండేవి.

అక్కడితో ఆగలేదు. కొలంబస్‌లో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ మాట్లాడే శరణార్థులు, సోమాలీలు చాలామంది స్థిరపడ్డారు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లూ వరుసలో ఉంటారు. ఒక పళ్లెంలో రకరకాల ఆకులు పేర్చుకుని ఆ పిల్ల వరుస పక్కన నిలబడింది. నేపాలీ అవ్వ ఒకావిడ ఆవకూర రెమ్మ తీసి వాసన చూసి, రెండు చేతులూ చాపి ఇంత కావాలన్నట్టు చూపించింది. ముల్లంగి ఆకును ఇక్కడ దుంప నుంచి తుంచి పారేస్తారు. అది కూడా కావాలని మరొకావిడ సైగ చేసింది.

కలుపు సంగతీ అలాగే తేలింది. ఇక్కడి మడుల్లో అడగకుండా మొలిచే మొక్కల్లో రెండు మనకు బాగా తెలిసినవి: గంగవాయిల కూర, తోటకూరకు దగ్గరి చుట్టమైన ఒక అడవి రకం. వాలంటీర్లు రెండింటినీ పీకి గుట్ట పోసేవారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చేలో తానుగా మొలిచిన ఆకుకూరల్ని కూడా పంటలో భాగంగానే చూస్తారు. ఆ చూపు ఈ తోటకూ అవసరమని నా నమ్మకం. ఈ వేసవి గంగవాయిలను లేతగా ఉన్నప్పుడే కోసి, కడిగి, చిన్న కట్టలుగా పంపాం. పులుపు మరిగినవాళ్లు దానికోసం వెతుక్కుని మరీ వచ్చారు.

వెళ్లబోయే ముందు ఆగస్టులో ఆ అమ్మాయి రెండు జుకీనీ మడులు తీసేసి ఆవ విత్తింది. కోతకొచ్చేది సెప్టెంబరు చివర్లో. అప్పటికి తను క్లాసులో ఉంటుంది. ఏ ఆకు ఎంత పొడుగైతే కోయాలి, ఎన్ని ఆకులకో కట్ట, రెండో కోత ఎప్పుడు, అన్నీ బొమ్మలు గీసి షెడ్డు తలుపుకు అంటించి వెళ్లింది. వచ్చే మే నెలలో రాబోయే పిల్లల కోసం నోట్‌బుక్ కూడా విడిగా రాసి ఉంచింది. ఇంటర్న్‌షిప్‌కి మార్కులు వేయమంటే ఆ నోట్‌బుక్ చూసే వేస్తాను.

1995లో అలాస్కాలోని యాంకరేజ్‌లో జెఫ్ లోవెన్‌ఫెల్స్ తన తోటపని కాలమ్‌లో, ఊళ్లో ఆకలితో ఉన్నవాళ్లకోసం ప్రతి ఇంటా ఒక వరుస ఎక్కువ నాటమని పాఠకుల్ని కోరారు. అది దేశమంతా పాకింది. అమెరికాలో పెరళ్లున్న తెలుగువాళ్లను నేనూ అదే కోరుతున్నాను. జులై, ఆగస్టుల్లో మన పెరళ్లలో ఆనపకాయలు, దోసకాయలు, గోంగూర పంచుకోను చుట్టుపక్కల ఇళ్లు చాలవు. మంచి మనసుతో ఇచ్చిన తిండికి దాతలను కోర్టుకీడ్చకుండా 1996 నుంచే ఇక్కడ చట్టం ఉంది, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. దగ్గరలో ఉన్న ప్యాంట్రీకి ఫోన్ చేసి పంపిణీ ఏ రోజో కనుక్కోండి. ముందురోజు పొద్దున్నే కోసి, మట్టి దులిపి, కట్టలు కట్టి ఇవ్వండి. గోంగూర ఎవరు తింటారులే అనుకోవద్దు. బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు రోజువారీగా వండుకునే కూర అది.