పిట్టగోడ మూలలో పనితనం

డాబా మీద నీరు ఎక్కడ దారి వెతుక్కుంటుందో పని తెలిసిన మేస్త్రీ చెవితో పట్టేస్తాడు. సుత్తితో స్లాబంతా తట్టుకుంటూ వెళ్లి, డొల్లగా మోగినచోట సుద్దగీత గీస్తాడు. నెర్రెను పైపైన కప్పెయ్యడు. ఉలితో ఇంకాస్త వెడల్పు చేసి, ఇనుప బ్రష్షుతో రుద్ది, కడిగి, అప్పుడు నింపుతాడు. దుమ్ము మీద ఏ పూతా నిలవదు మరి. నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది పిట్టగోడ, స్లాబు కలిసే మూల. అక్కడ సిమెంటు మాలును తాపీతో వంపుగా, నున్నగా దిద్దుతాడు, నీరు ఆగకుండా జారిపోయేలా. ఆరాక రసాయనం కలిపిన సిమెంటు పూత రెండుసార్లు: మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. మొదటి కుంచె వదిలేసిన సన్నటి బెజ్జాలు రెండోదానికి దొరుకుతాయి. తర్వాత తూము మూసి, నీళ్లు నిలగట్టి, 48 గంటలయ్యాక కింది గదుల్లో పైకప్పు చూస్తాడు. చెమ్మ స్లాబు లోపలి ఇనుప చువ్వను చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును నెడుతుంది, పెచ్చులు మంచాల మీద రాలతాయి. ఇంత శ్రమా అయ్యాక పైన కనిపించేది ఉత్త బూడిదరంగు నేలే. అయినా తూము చుట్టూ ఇంకో పూత వెయ్యనిదే అతను మెట్లు దిగడు.