నిశ్శబ్దం సంగీతమా?

పుదుచ్చేరి పట్టణంలో సముద్రపు గట్టుకు రెండు మూడు వీధుల దూరంలో శ్రీ అరవిందాశ్రమ ప్రధాన భవనం ఉన్నది. దాని ప్రాంగణంలో, చెట్టు నీడన, పూలతో కప్పబడిన పాలరాతి సమాధి. 1950 డిసెంబరులో శ్రీ అరవిందుల పార్థివ దేహాన్ని, 1973 నవంబరులో శ్రీమాత పార్థివ దేహాన్ని అక్కడనే ఉంచారు. ఎందరు కూర్చుని ఉన్నా అక్కడ మాట వినిపించదు, అది నియమం. వెలుపలికి వచ్చిన సందర్శకులు ఆ మౌనమే సంగీతంలా ఉన్నదనటం కద్దు. మెచ్చుకోలుగా అన్న మాటైతే చర్చకు తావు లేదు. అక్షరాలా నిజమని గ్రహిస్తే మాత్రం సంగీతశాస్త్రం సమాధానం చెప్పవలసి ఉంటుంది. నిశ్శబ్దం సంగీతానికి అంగమా, లేక తానే సంగీతమా?

శాస్త్రం ఈ ప్రశ్నను చాలాకాలం క్రితమే ఎదుర్కొన్నది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో నాదాన్ని ఆహతమనీ, అనాహతమనీ రెండుగా విభజించాడు. ఏ తాకిడీ లేకుండా అంతరంగంలో మాత్రమే తెలియవచ్చేది అనాహతం. మునులు గురూపదేశంతో దానిని ఉపాసిస్తారు, అది ముక్తినిస్తుంది. ఇంత చెప్పి కూడా ఆయన దానిని పక్కన పెట్టాడు. కారణం ఒక్కటే: దానికి రంజకత్వం లేదు. భవబంధాలను తెంచుతూనే లోకాన్ని రంజింపజేయగలది ఆహతమే గనుక తన గ్రంథాన్ని దానికే వినియోగించాడు. ఈ గ్రంథానికి ‘సంగీతసుధాకరం’ అనే వ్యాఖ్య రచించిన సింహభూపాలుడు రాచకొండ ప్రభువు కాబట్టి ఈ విచారణ తెలుగునేలకు కొత్తదేమీ కాదు. శార్ఙ్గదేవుని నిజాయితీ ఇక్కడ మెచ్చదగినది. అనాహతాన్ని ఆయన తక్కువ చేయలేదు. అలాగని దానికి సంగీతమన్న బిరుదును తగిలించనూ లేదు. సమాధి దగ్గరి మౌనాన్ని ఈ కోవలోనే చేర్చవలసి ఉంటుంది.

అయితే శాస్త్రంలోనే నిశ్శబ్దానికి మరొక స్థానం ఉన్నది. అది తాళంలో. తాళక్రియలు సశబ్దాలని, నిశ్శబ్దాలని రెండు తెగలు. నిత్యం వాడుకలో ఉన్న ఆదితాళాన్నే తీసుకొని చూడవచ్చు. ఒక లఘువు, రెండు ద్రుతాలు. మొత్తం 8 క్రియలు. లఘువులో ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క. ఒక్కొక్క ద్రుతంలో ఒక దెబ్బ, ఒక విసురు. చప్పుడు చేసేవి మూడే. మిగిలిన అయిదూ నిశ్శబ్ద క్రియలే. చిటికెనవేలు మడిచే ఆ మౌనాన్ని ఖాళీ అని ఏ విద్వాంసుడూ అనడు. అది తప్పితే పాట తప్పినట్లే. దెబ్బకూ విసురుకూ విలువ సమానం.

ఈ రెండు మౌనాలకూ మధ్య భేదం గ్రహిస్తే సమస్య సగం తీరుతుంది. ఒకటి కొలతలేనిది, రెండవది కొలిచినది. సంగీతంలో చేరేది రెండవదే.

దీనికి గట్టి పరీక్ష పాశ్చాత్య దేశం నుండి వచ్చింది. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1946 ప్రాంతంలో అహమదాబాదుకు చెందిన గీతా సారాభాయి ద్వారా భారతీయ సంగీతాన్ని గురించి తెలుసుకున్నాడు. మనస్సును నెమ్మదింపజేయటమే సంగీత ప్రయోజనమన్న భావం ఆయనకు అందినది ఆమె నుండియే. 1952 ఆగస్టు 29న న్యూయార్కు రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ అనే వాద్యకారుడు పియానో ముందు కూర్చుని, కేజ్ రచనను 4 నిమిషాల 33 సెకండ్లపాటు ఒక్క స్వరమైనా పలికించకుండా ‘వాయించాడు’. సభలో కొందరు ఆగ్రహించారు. ఆ రచనలో మూడు భాగాలున్నాయి. భాగం మారినప్పుడల్లా ఆయన పియానో మూత తెరచి మూశాడు. చేతిలో గడియారం ఉన్నది. తాళశాస్త్రం తెలిసినవారికి ఇది అంత వింతగా తోచదు. అంగాలున్నాయి, కాలప్రమాణం ఉన్నది, అంగభేదాన్ని సూచించే క్రియ ఉన్నది, లేనిది శ్రుతి. అది లయ మాత్రమే మిగిలిన సంగీతం, గేయం లేని తాళం. దానిని వేళాకోళమని తోసిపుచ్చినవారు లెక్కను గమనించలేదు. నిశ్శబ్దమే సంగీతమైపోయిందని సంబరపడినవారు గడియారాన్ని మరచిపోయారు.

పద్యంలో తెలుగువారి దారి వేరు. విచిత్రమేమంటే దానికి సాక్ష్యం కూడా పుదుచ్చేరిలోనే దొరుకుతుంది. ఫ్రెంచివారి దుబాసీగా ప్రసిద్ధికెక్కిన ఆనందరంగ పిళ్ళె (1709–1761) తమిళంలో దినచర్య రాసుకున్నా, తెలుగు కవులను ఆదరించాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరనే ‘ఆనందరంగరాట్ఛందము’గా వెలయించాడు. తెలుగు ఛందస్సులో యతి అనే మాటకు పట్టిన గతి ఆలోచించదగినది. సంస్కృతంలో యతి అంటే విరామం. మందాక్రాంతలో 4, 6, 7 అక్షరాలకు మాట ముగిసి ఊపిరి ఆగవలసినదే. తెలుగులో ఆ ఆగటం పోయి, ఆ చోట అక్షరమైత్రి వచ్చింది. ఉత్పలమాలలో పదవ అక్షరం మొదటి అక్షరానికి పొంతన కుదరాలి. మాట తెగనవసరం లేదు. నిశ్శబ్దం ఉండవలసిన చోట తెలుగువారు శబ్దాన్ని నిలిపారు. అందువల్ల పద్యానికి కలిగిన ధార అపురూపమైనదే. కాని విరామాన్ని చూస్తే ఏదో ఒకటి పెట్టి పూడ్చాలన్న అలవాటు కూడా దానితోనే వచ్చి ఉండవచ్చు.

పోయిన ఆ విరామాన్ని తెలుగు పాటకు తిరిగి ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు త్యాగరాజు. దేశాదితాళంలోని ఆయన కృతులలో సమం మీద పాట మొదలుకాదు. ‘బంటురీతి’ వంటి కృతిని ఆదితాళంలో లెక్కించినప్పుడు ఒకటిన్నర క్రియలు గడిచిన తరువాతనే సాహిత్యం అందుకుంటుంది. తాళం నడుస్తున్నది, గాయకుడు నోరు తెరవలేదు. ఆ ఒకటిన్నర క్రియల మౌనంలోనే ఎత్తుగడకు కావలసిన బిగువంతా ఉన్నది. దానిని తీసివేసి సమం మీదనే అందుకుంటే స్వరాలన్నీ సరిగానే ఉంటాయి, కృతి మాత్రం చచ్చిపోతుంది.

నేటి కచేరీలలో ఈ మౌనానికి రక్షణ కొరవడింది. గాయకుడు విడిచిన ప్రతి సందునూ మృదంగం పూరిస్తుంది. ఆలాపన చివరి షడ్జం ఇంకా వినిపిస్తూ ఉండగానే చప్పట్లు మోగుతాయి. తంబురా మీటుకూ మీటుకూ మధ్య నాదం తగ్గి మళ్ళీ పుంజుకొనే సహజమైన శ్వాసను ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె చాలావరకు చదును చేసింది. వాద్యకారులను తప్పుపట్టి లాభం లేదు. శ్రోతలు కోరుకున్నదే వారు ఇస్తున్నారు.

ఈ దృష్టితో చూసినప్పుడు ఆశ్రమ సంగీతం విమర్శకు మంచి సామగ్రి. మౌనాన్ని అంతగా పాటించే ఆ చోట పాటను ఎవరూ వెలివేయలేదు. 1928లో వచ్చి చేరిన దిలీప్ కుమార్ రాయ్ అక్కడ ఉన్నంతకాలం గాయకుడుగానే ఉన్నాడు. శ్రీ అరవిందులు ఆయనకు రాసిన లేఖలలో కవిత్వం, సంగీతం పదే పదే చర్చకు వచ్చాయి. శ్రీమాత ఆర్గన్ వాదన ఆశువుగా సాగినది. దానిలో తాళం లేదు, దీర్ఘంగా నిలిచే స్వరాలున్నాయి. ఆమె సూచనలతో స్వరరచన సాగించిన సునీల్ భట్టాచార్య 1965 మొదలుకొని ఏటా నూతన సంవత్సర సంగీతాన్ని కూర్చాడు. ఆయన 1998లో మరణించాడు. తూర్పు పడమరల వాద్యాలను పొరలు పొరలుగా పేర్చిన ఆ రచనలు గంభీరమైనవే. అయినా లోపలి విరామం వాటిలో తక్కువ. ధ్యానం కోసం ఉద్దేశించిన సంగీతం త్యాగరాజ కృతి కంటె తక్కువ మౌనం కలిగి ఉండటం ఆశ్చర్యకరమే. బహుశా బయట కావలసినంత మౌనం ఉన్నదన్న భరోసాతో ఆయన లోపల దానిని పొదుపు చేసి ఉంటాడు.

ఈ రికార్డులను సామూహిక ధ్యానాలలో వినిపించటం పరిపాటి. సంగీతం ఆగిపోయిన తరువాత ఎవరూ చప్పట్లు కొట్టరు, వెంటనే లేవరు. మొదటి కొన్ని క్షణాలు చివరి స్వరం చెవిలో ఉంటుంది. అంతవరకు అది రచనలోని భాగమే. ఆ తరువాత గట్టు రాళ్ళకు కెరటాలు తగిలే చప్పుడు లీలగా వినవచ్చు. అప్పటికి తాళం వేసేవారెవరూ ఉండరు.