చాకు మీద ఎవరి పేరు?

పాత చాకు చేతికొస్తే నేను పదును చూడను. అలుగు తెరిచి, అది పిడిలోకి దిగేచోట బొటనవేలితో మురికి తుడుస్తాను. చదవాల్సినదంతా ఆ అర అంగుళంలోనే ఉంటుంది. వరంగల్‌లో పాత ఇనుప సామాను కొట్లవాళ్లకు ఈ పిచ్చి తెలిసిపోయింది. మడతకత్తి ఏది వచ్చినా తూకంలో వెయ్యకుండా పక్కన పెట్టి, "సార్, మీది ఒకటొచ్చింది" అంటారు. ఆ పైన కిలో లెక్క మరిచిపోయి నా మొహం చూసి ధర చెబుతారు. అది వేరే సంగతి.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ చాకు ఓరుగల్లు సందుల్లో ఏం చేస్తోందని కొత్తవాళ్లు అడుగుతుంటారు. నిజాం రైలు 1889 నాటికి మన మీదుగా బెజవాడ చేరింది. ఖాజీపేటలో రైల్వే కాలనీ, అటు సికింద్రాబాద్‌లో దొరల కంటోన్మెంటు, ఊరూరా పెన్సిలు చెక్కుకునే పట్వారీలు, గుమాస్తాలు. చాకు చిన్న వస్తువు, జేబులో కూర్చుని ఎంత దూరమైనా వస్తుంది. వాడినవాళ్లు పోయాక సందుగలో మిగిలింది. సందుగ ఖాళీ చేసినరోజు కొట్టుకు చేరింది.

ఇక్కడ ఎక్కువగా వినిపించే పేరు జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్. దాని గుర్తు ఒక నక్షత్రం, పక్కనే మాల్టా శిలువ. షెఫీల్డ్ కత్తుల తయారీదారుల సంఘం 1764లో ఆ గుర్తును ఈ కంపెనీకిచ్చింది. గుర్తు దగ్గర కిరీటం, దానికి అటొకటి ఇటొకటి రెండక్షరాలు ఉంటే మన పంట పండినట్టే. 'వి ఆర్' అంటే విక్టోరియా కాలం, 1901కి ముందుది. 'ఈ ఆర్' ఎడ్వర్డుది, 1910 దాకా. 'జి ఆర్' అంటే ఆ తర్వాతి జార్జిల కాలం. 'స్టెయిన్‌లెస్' అన్న మాట కనిపిస్తే అది ఎంత పాతగా కనిపించినా మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది అయ్యే వీలు లేదు. హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లో తుప్పు పట్టని ఉక్కు పోసింది 1913లో.

అయితే పేరున్నచోట దొంగపేరూ ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని సోలింగెన్ నుంచి షెఫీల్డ్ పేరు గుద్దిన చవక సరుకు వెల్లువెత్తింది. షెఫీల్డ్ వాళ్లు గగ్గోలు పెడితే 1887లో బ్రిటన్ సరుకుల గుర్తుల చట్టం చేసింది. రెండేళ్లకు అలాంటిదే ఇండియాకూ వచ్చింది. నిజం చెప్పాలంటే సోలింగెన్ పనితనం తక్కువేం కాదు, తర్వాత తన పేరుతోనే ప్రపంచాన్ని గెలిచింది. పల్లెల్లో మంగలి పొదిలో పాత మడత కత్తి దొరికితే, దాని మీద సోలింగెన్ పేరు ఉందేమో చూడండి. ఇంకో తికమక ఉంది. 'నిజామాబాద్' అని గుద్దిన చాకు కనబడితే మనదేనని పొంగిపోవద్దు. పంజాబ్‌లో వజీరాబాద్ పక్కన ఇంకో నిజామాబాద్ ఉంది. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది, కత్తులకు పేరున్న ఊరు.

పేరు చదవడం అక్షరం వచ్చినవాడెవడైనా చేస్తాడు. పిడి చదవడానికి మాత్రం ముక్కు, గోరు, భూతద్దం మూడూ కావాలి. ఎముక పిడి మీద భూతద్దం పెడితే సన్నటి నల్లచుక్కలు, చిన్న గాళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు రక్తం పారిన దారులవి. ఏనుగుదంతానికి ఆ చుక్కలుండవు. పిడి కొసన, అడ్డంగా కోసిన చోట, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే వంపుగీతలు ఉంటాయి. బర్రెకొమ్ము పొరలు పొరలుగా లేస్తుంది, పురుగు కూడా తింటుంది. ముత్యపుచిప్ప బుగ్గకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే దంతంలా, తాబేటిచిప్పలా, అన్నింటిలా వేషం వేస్తుంది. దాన్ని వేలితో గట్టిగా రుద్ది, వేడెక్కగానే వాసన చూడండి, కర్పూరం. దాని తయారీలో కలిపేదే అది. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చెయ్యొద్దు, సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. ముసలిదైన సెల్యులాయిడ్ ఆవిరి వదులుతూ పక్కనున్న అలుగుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది. అందుకే నా డబ్బాలో దానికి వేరే అర.

అన్నిటికన్నా నన్ను ఆపేసేది గరుకు గరుకుగా గోధుమరంగులో ఉండే కొమ్ము పిడి. షెఫీల్డ్ వాళ్లు దాన్ని మురిపెంగా వాడారు. ఆ కొమ్ము ఎక్కడిదనుకున్నారు? చాలామటుకు ఇండియా అడవుల్లోని కణుజుది, అంటే సాంబర్‌ది. సాంబర్ కొమ్ములు ఓడల్లో షెఫీల్డ్ వెళ్లి, చాకు పిడులై, అందులో కొన్ని మళ్లీ మన బజారుకే అమ్మకానికొచ్చాయి. ఏటూరునాగారం అడవిలో కణుజు తిరిగే ప్రాంతంవాళ్లం, కొమ్మును మాత్రం దొర చాకు మీద గుర్తుపడుతున్నాం. ఇప్పుడు చట్టం మాట. ఏనుగుదంతం పిడి చాకు కొనడం, అమ్మడం మన దేశంలో నేరం, అది ఎంత పాతదైనా సరే. కొమ్ము పిడి కూడా అటవీశాఖను అడక్కుండా ముట్టుకోవద్దు. నేను అలాంటివి చూసి, చెప్పి, ఇంటివాళ్లకే వదిలేస్తాను.

పిడి సంగతి ఇలా ఉంటే, ఉక్కు సంగతి ఇంకా విచిత్రం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవాళ్లు. సర్వే పనిమీద వచ్చిన డాక్టర్ వాయ్‌సీ పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఆ పని చూసి రాశాడు. పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం అంతదూరం వచ్చేవాళ్లు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నియాస్ సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి, ఇంకా మిగిలి ఉన్న చిట్టెం కుప్పల్ని నమోదు చేశాయి. ఈ జాతి ఉక్కును ఇంగ్లండ్‌లో 'ఊట్జ్' అన్నారు. బొంబాయి నుంచి పంపిన ముద్దల్ని పరీక్షించి జార్జి పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. అప్పుడు జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల పనివాడు ఆ ఉక్కుతో చేసి చూసిన వస్తువుల్లో ఒకటి జేబు చాకు. తర్వాత అదే స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే ఏళ్లపాటు ఈ ఉక్కు గుట్టు వెతికాడు. ఫారడే కమ్మరి కొడుకు.

ఇన్ని పేర్లు చెప్పాను కదా, స్టోడార్ట్‌ను పక్కన పెడితే వీటిలో చాకు చేసిన మనిషి పేరు ఒక్కటైనా ఉందా? రోడ్జర్స్ అన్నది కంపెనీ. ఆ రోజుల్లో షెఫీల్డ్ పనిలో చాలా భాగం 'లిటిల్ మెస్టర్లు' అనే చిన్న పనివాళ్ల చేతుల మీదుగా సాగేది. ఇంటి వెనక కొట్టంలోనో, అద్దెకు తీసుకున్న చోటులోనో కొట్టి, సానపట్టి ఇస్తే, అలుగు మీద కంపెనీ పేరు పడేది. సానపట్టేవాళ్లు రాతిదుమ్ము పీల్చి చిన్న వయసులోనే పోయేవాళ్లు. వాళ్ల పేర్లు ఏ అలుగు మీదా లేవు.

మన కమ్మరి అసలు పేరే గుద్దడు. అయినా ఊళ్లో పేరు తెలిసేది. కల్లుగీసే గౌడన్న మోకు, ముస్తాదు సర్దుకుంటూ చేతిలో కత్తి తిప్పి చూసి, ఇది ఫలానా ఊరి ఫలానా వాళ్ల పని అనేస్తాడు. అలుగు వంపు, వెన్ను మందం, పిడికి వేసిన కట్టు చూసి చెబుతాడు. లారీ కమాన్ పట్టీతో చేసిన కొత్త కత్తికీ పాతదానికీ తేడా మోతతో చెప్పేవాళ్లున్నారు. ఆ జ్ఞానం ఏ పుస్తకంలోనూ లేదు. సేకరణ చేసేవాళ్లం షెఫీల్డ్ కిరీటాల పట్టిక కంఠతా పట్టి, పక్క అంగడిలో కత్తులు పరిచి కూర్చున్న కమ్మరిని ఒక్క ముక్క అడగం. నా ఉద్దేశంలో మన వ్యాపకానికి ఉన్న పెద్ద లోటు ఇదే.

కొన్నాక మెరిపించాలన్న తొందర ఇంకో జబ్బు. ఉప్పుకాగితంతో రుద్దారంటే తుప్పుతోపాటు నక్షత్రం, శిలువ, కిరీటం అన్నీ పోతాయి. గ్యాసునూనెలో ముంచిన గుడ్డతో తుడవండి, కీలులో ఒక చుక్క మిషన్ ఆయిల్ వెయ్యండి, అంతకన్నా ఏమీ వద్దు.

మీ అటక మీద తాత చాకో, గీతకత్తో, మంగలికత్తో ఉండే ఉంటుంది. పాత ఇనుముకు వేసే ముందు ఒక చీటీ మీద వాడినవాళ్ల పేరు, ఊరు, వాళ్లు చేసిన పని రాయండి. చేసిన కమ్మరి పేరు ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటే అదీ రాసి, పిడికి దారంతో కట్టి ఇవ్వండి. కొట్టతను నవ్వితే నవ్వనివ్వండి.