ఆటలోని నాగరికత, మోటుపల్లి శాసనం: ఒక విమర్శ

ఉపోద్ఘాతం

చారిత్రక నవలను, సినిమాను చదివిన దృష్టితోనే ఈ భాగంలో ఒక కంప్యూటర్ ఆటను పరిశీలిద్దాం. ఆటకు విమర్శ ఎందుకని మీకు అనిపించవచ్చు. పాఠ్యపుస్తకం తెరవకముందే చోళులను ఆటలో కలుసుకునే పిల్లలు ఇప్పుడు ఉన్నారు. అక్కడ ఏర్పడిన అభిప్రాయం అంత తేలికగా చెరిగిపోదు.

ఆట స్వరూపం

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' మొదట 1999లో విడుదలైంది. ఆడేవారు ఒక నాగరికతను ఎంచుకుని, ఆహారం, కలప, బంగారం, రాయి సేకరించి, సైన్యం పెంచుకుని ప్రత్యర్థిని జయించాలి. ప్రతి నాగరికతకూ కొన్ని బలాలు, కొన్ని లోపాలు ఉంటాయి. 2013లో చేర్చిన భాగంలో మన దేశమంతా 'ఇండియన్స్' అనే ఒకే నాగరికత. 2022లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' ఆ స్థానంలో హిందుస్థానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు అనే నాలుగు నాగరికతలను నిలిపింది. ఇది మెచ్చుకోదగిన మార్పే.

పేరులోని చిక్కు

తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు అందరూ 'ద్రావిడులు' అన్న ఒక్క పేరు కిందికే రావాలి. కథాభాగం మాత్రం రాజేంద్ర చోళుడిది. ద్రావిడ భాషలను ఒక కుటుంబంగా 1816లో ఎల్లిస్ గుర్తించాడు. 1856లో కాల్డ్‌వెల్ గ్రంథంతో ఆ పేరు స్థిరపడింది. భాషల బంధుత్వం వేరు, రాజ్యాల ఐక్యత వేరు. 1263 ప్రాంతంలో ముత్తుకూరు వద్ద కాకతీయ సైన్యం పాండ్యుల చేతిలో ఓడిపోయింది. ఆ యుద్ధాన్ని ఈ ఆటలో ఆడాలంటే రెండు పక్షాలూ ద్రావిడులే!

నియమాలు చెప్పే చరిత్ర

ఆయుధాలు, దుస్తులు సరిగా ఉన్నాయా అని చూడటంతోనే చాలామంది ఆగిపోతారు. మీరు నియమాలను కూడా చూడండి. ఆట తన చరిత్రను అక్కడే చెబుతుంది.

ఈ ఆటలో ద్రావిడులు చేపల వేటలో, నౌకాబలంలో మేటి. భారీ అశ్వసైనికులైన 'నైట్లు' మాత్రం వారికి లేరు. దక్షిణాదిలో మేలుజాతి గుర్రాలు తక్కువన్న నిజం దీనికి ఆధారం కావచ్చు. అయితే లేని గుర్రాలను మన రాజులు సముద్రం మీదుగా కొనుక్కున్నారు. కొనుగోలును ఆట లోపంగా మార్చింది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. చీరాల దగ్గరి వాడరేవు పేరులోని 'వాడ' అంటే ఓడ. అక్కడి నుంచి తీరం వెంబడి నైరుతి దిశగా వెళితే మోటుపల్లి వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాననీ అందులో ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు.

ఆటలోనూ వర్తక నౌకలున్నాయి. రేవుల మధ్య దూరం పెరిగిన కొద్దీ లాభం పెరుగుతుంది. ఇది సరైన ఊహే. కానీ మునిగిన ఓడ తెరమీద మాయమవుతుంది. దానిలోని సరుకు ఎవరిదన్న ప్రశ్నే పుట్టదు. మోటుపల్లి శాసనం పుట్టింది ఆ ప్రశ్న నుంచే. రేవు బతకడానికి యుద్ధనౌకలు ఒక్కటే చాలవు, పరదేశి వర్తకుడికి రాజు మాట మీద నమ్మకం కుదరాలి. ఆ నమ్మకానికి ఈ ఆటలో నియమం లేదు.

ముగింపు

ఏ ఆటా చరిత్రనంతా ఇముడ్చుకోలేదు, కొంత వదలక తప్పదు. అందువల్ల 'ఇది తప్పు' అని కొట్టివేయడం విమర్శ కాదు. ఏమి వదిలారు, వదిలినందువల్ల గతం ఏ రూపం దాల్చింది అని అడగడమే విమర్శ. ఈ ఆటలో మన తీరం వేటకు, యుద్ధానికి పరిమితమైంది. శాసనంలో అదే తీరం చట్టానికి, న్యాయానికి చోటిచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. భాషా కుటుంబాన్ని నాగరికతగా చూపడంలోని ఇబ్బందిని ఒక ఉదాహరణతో వివరించండి.
2. మోటుపల్లి శాసనం ఆధారంగా ఈ ఆటకు ఒక కొత్త నియమాన్ని ప్రతిపాదించండి. దానివల్ల ఆటగాడి ఆలోచన ఎలా మారుతుందో పది వాక్యాల్లో రాయండి.