ఎనిమిది కాళ్ల చిప్పులో ఉన్న తేడా

ఎంఎస్ఐ 2018లో తెచ్చిన బీ450 టొమాహాక్ మదర్‌బోర్డునీ, ఆ మరుసటి ఏడాది వచ్చిన టొమాహాక్ మ్యాక్స్‌నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. అదే ఏఎం4 సాకెట్, అవే నాలుగు ర్యామ్ స్లాట్లు. అసలు తేడా చిటికెన వేలి గోరంత కూడా లేని, ఎనిమిది కాళ్ల చిప్పులో ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్ బయోస్ కాపురం అందులోనే. పాతదానిలో దాని జాగా 16 ఎంబీ, మ్యాక్స్‌లో 32.

ప్రాసెసర్లు చేసే ఏఎండీ ఈ ఒకే సాకెట్‌ను ఏళ్ల తరబడి కొనసాగించింది. కొత్త రైజెన్ ప్రాసెసర్ వచ్చినప్పుడల్లా దాన్ని గుర్తుపట్టే కోడ్ బయోస్‌లో చేరాలి, పాతవాటిదీ ఉండాలి. 2019లో రైజెన్ 3000 వచ్చేసరికి 16 ఎంబీలో చోటు చాలలేదు. దాంతో పాత బోర్డులో బొమ్మల మెనూ తీసేసి సాదా మెనూ పెట్టారు. కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడుకునే రెయిడ్ పోయింది, పాత ఏ-సిరీస్ ప్రాసెసర్లూ పోయాయి. నన్నడిగితే, ఏది వదులుకోవాలో తెలియడమే ఇక్కడి పనితనం. 2020 చివర్లో విడుదలైన రైజెన్ 5000 కూడా సరైన బయోస్ వేస్తే ఆ 16 ఎంబీ బోర్డు మీద నడుస్తుంది!

రెండిటికీ వెనక పోర్టుల వరసలో ఒక చిన్న బటన్ ఉంది. బయోస్ ఫైలుకి MSI.ROM అని పేరు మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి ఆ బటన్ నొక్కాలి. లైటు మిణుకుమిణుకుమంటుంది, ఆగిందంటే పని అయినట్టే. ప్రాసెసర్, ర్యామ్ పెట్టకపోయినా సరే, బోర్డుకి కరెంటు అందితే చాలు. చేతిలో ఉన్న ప్రాసెసర్‌ను బోర్డు గుర్తుపట్టకపోతే, అప్‌డేట్ కోసం పాత ప్రాసెసర్ ఎరువు తెచ్చుకునే తిప్పలు దీనితో తప్పాయి.

కరెంటు సరఫరా గురించీ చెప్పాలి. 12 వోల్టులను ఒకటిన్నర లోపుకి దించి ప్రాసెసర్‌కి ఇవ్వాలి. 1.25 వోల్టుల దగ్గర వంద వాట్లంటే 80 ఆంపియర్లు. ప్రాసెసర్ కోర్లకి వెళ్లే అంత కరెంటునీ నాలుగు ఫేజులే, అంటే వోల్టేజీ దించే నాలుగు సర్క్యూట్లే, పంచుకుంటాయి, కాబట్టి వేడి తప్పదు. దాన్ని లాగేయడానికి ఈ తరగతి బోర్డుల్లో అరుదుగా కనిపించేంత దిట్టమైన హీట్‌సింకులు పెట్టారు. రంగు లైట్ల మీద పెట్టగల డబ్బు లోహం మీద పెట్టడం నాకెంతో నచ్చింది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పేరు చివర మ్యాక్స్ ఉందో లేదో చూసుకోండి. రెయిడ్ కావాలంటే మ్యాక్సే తీసుకోవాలి. అక్కర్లేదనుకుంటే, తక్కువకి దొరికిన పాత టొమాహాక్‌ను నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు.