పద్యం దాచిన ఇరవై అంకెలు

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గడులకు పట్టేవి 18446744073709551615 గింజలు. గింజ 25 మిల్లీగ్రాములు తూగుతుందనుకున్నా దాదాపు 46 వేల కోట్ల టన్నులు. ఇంత సంఖ్యనూ ఒక చంపకమాలలో ఇమిడ్చిన పద్యం 11వ శతాబ్దపు పావులూరి మల్లన పేర నిలిచింది. ఆయన సారసంగ్రహ గణితానికి మూలం మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథం. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ఉన్నవాడు. ఆ రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యులు తొలుత ఏలింది బోధన్ నుంచే. అందుకే బోధన్ ఉన్న జిల్లాలోనే ఉన్న మా మాక్లూర్ పిల్లలకు ఇది పరాయి ముచ్చట కాదు. ఈ పద్యాన్ని చమత్కారమని మెచ్చుకుని వదిలేస్తున్నాం. నిజానికి అంకె చెడకుండా తరాలు దాటించే పద్ధతి ఇందులో ఉంది.

పద్ధతి పేరు భూతసంఖ్య. చంద్రుడంటే 1, వేదాలంటే 4, మన్మథుడి శరాలంటే 5, కొండలంటే 7, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోవాలి. తాటాకు మీద ఒట్టి అంకె చెరిగితే పక్కవాటిని చూసి దాన్ని పోల్చుకోలేం. చంపకమాలకు పాదానికి 21 అక్షరాలు, రెండో అక్షరం ప్రాస, పదకొండో అక్షరం యతి. మాట జారితే చదివేవాడి చెవికి వెంటనే తెలుస్తుంది. అయితే ఈ కాపలాకూ సందులున్నాయి. సముద్రమంటే కొందరికి నాలుగు, కొందరికి ఏడు. 'గగన' అన్నా 'జలధి' అన్నా మూడు లఘువులే కనుక ఒకదాని చోట ఇంకొకటి దూరితే గణం తప్పకపోవచ్చు. అక్కడ సంఖ్య గుణమే ఆదుకుంటుంది. అంకెలన్నీ కూడితే 87, అంటే 3తో తెగుతుంది. ఒక సున్న 4 అయితే మొత్తం 91 అవుతుంది, తప్పు దొరికిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడిక మారదు, 3 చేతులెత్తేస్తుంది. అప్పుడు 17తో భాగించాలి. అసలు సంఖ్య 17తో నిశ్శేషంగా పోతుంది. ఒక్క అంకె మారినా, పక్కపక్క రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా శేషం మిగిలి తీరుతుంది. ఆధార్ సంఖ్యలో 12వ అంకె చేసే కాపలా కూడా ఇలాంటిదే.

కంఠస్థం గణితమెలా అవుతుందని అడగవచ్చు. పద్యం రుజువు చెప్పదు, నిజమే. రుజువు మాత్రం చేతికందే దూరంలో ఉంది. ఛందస్సులో వృత్తాలు లెక్కించడానికి పింగళుడు చెప్పిన దారిలో 2ను ఆరుసార్లు వర్గం చేస్తే 4, 16, 256, 65536, 4294967296, ఆపైన మన సంఖ్యకు ఒకటి ఎక్కువ వస్తుంది. 64 బిట్ల కంప్యూటర్ ఒక్క గడిలో పట్టే గరిష్ఠ పూర్ణ సంఖ్య కూడా మన సంఖ్యే. దీన్ని విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. వీటిలో 641ని 6700417తో గుణిస్తే 4294967297. అది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు, కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు. మల్లనకు ఇదంతా తెలుసని నేననను. అంకెలు చెడకుండా మనదాకా వచ్చాయి కనుకనే ఈ పరీక్షలన్నీ ఈరోజు పెట్టగలుగుతున్నాం.

మాక్లూర్ బడుల్లోని తెలుగు సార్లకూ లెక్కల సార్లకూ ఒక విన్నపం. ఇద్దరూ కలిసి ఒక్క పిరియడ్ ఇవ్వండి. పద్యం విప్పించండి, వచ్చిన సంఖ్యను పిల్లల చేతనే 17తో భాగించనివ్వండి.